ఒకేసారి చేతికొచ్చే డబ్బా, నడిచినన్నాళ్ళూ వచ్చే వాటానా: సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి

పోయిన నెల ఒక ఆదివారం మా పిన్ని కొడుకు చెన్నైలోనే పోరూరు నుంచి సాలిగ్రామంలో మా ఇంటికొచ్చి, టిఫిన్ కూడా తినకుండా ఫోన్‌లో రెండు పేజీల పీడీఎఫ్ తీసి "అక్కా, ఇందులో ఏది ఒప్పుకోమంటావ్" అన్నాడు. వాడు పగలు ఐటీ ఉద్యోగం చేస్తాడు, రాత్రిళ్ళు తెలుగులో పాటలు రాసి ట్యూన్ కడతాడు. నాలుగు ప్రైవేట్ పాటలు ఒక మ్యూజిక్ కంపెనీకి నచ్చాయి. వాళ్ళు రెండు ఆప్షన్లు పెట్టారు, నాలుగు పాటలకీ కలిపి ఒకేసారి 40,000 తీసుకుని ఇంకేమీ అడక్కుండా వదిలెయ్యడం ఒకటి, ఇప్పుడు 10,000 తీసుకుని తర్వాత వచ్చేదాంట్లో 30 శాతం వాటా తీసుకోవడం రెండోది. ఇంట్లో వాళ్ళందరూ 40,000 తీసుకో, రేపెవడు చూశాడు అన్నారంట.

నేను 17 ఏళ్ళుగా ఇక్కడే తెలుగు డబ్బింగ్ చెప్తున్నాను, వోచర్ల మీద ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు, చాలావరకు చదవకుండానే పెట్టాను. అందుకే వాడికి ఆ రోజు చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నా, పాటలు రాసేవాళ్ళకే కాదు, బొమ్మలేసేవాళ్ళకి, ఫోటోలు తీసేవాళ్ళకి, గొంతు ఇచ్చేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు మా పెదనాన్న సంగతి చెప్పాలి. ఆయనది పుత్తూరు, క్యాసెట్ల కాలంలో మద్రాసు వచ్చి ఒక కంపెనీకి ఎనిమిది భక్తి పాటలు రాసిచ్చారు, మొత్తం కలిపి 1,500 ఇచ్చారు, బస్ ఛార్జీ విడిగా ఇచ్చారు, అప్పుడది ఆయనకి మంచి డబ్బే. ఆ పాటల్లో ఒకటి ఇప్పటికీ మా ఊరి గుళ్ళో తెల్లారుజామున మైకులో వస్తుంది, యూట్యూబ్‌లో నాలుగైదు ఛానెళ్ళలో ఉంది, ఒక్కోదానికి లక్షల్లో వ్యూస్, ముందర యాడ్ కూడా పడుతుంది. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. పెదనాన్న దాని గురించి ఎప్పుడూ కోపంగా మాట్లాడలేదు, ఒక్కసారి మాత్రం మోకాలి ఆపరేషన్‌కి డబ్బులు కూడబెట్టుకుంటున్నప్పుడు ఆ పాట వినబడితే "ఇది నాదే కదమ్మా" అన్నారు, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

"మేస్త్రీ ఇల్లు కట్టినందుకు ఒకసారే కూలి తీసుకుంటాడు, తలుపు తీసినప్పుడల్లా అడగడు కదా, మీకు మాత్రం ఎందుకు మళ్ళీ మళ్ళీ" అని చాలామంది అంటారు, మా నాన్నే అంటారు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. కానీ ఇల్లు కట్టేరోజే దాని విలువెంతో ఇద్దరికీ సుమారుగా తెలుసు, అందులో ఒక కుటుంబం ఉంటుంది. పాట రాసిన రోజు దాని విలువ ఎవరికీ తెలీదు, అది పడుకోవచ్చు, ముప్ఫై ఏళ్ళు నడవొచ్చు. తెలీని వస్తువుకి మొదటిరోజే ఆఖరి రేటు కడితే, అవసరంలో ఉన్నవాడే తక్కువకి ఒప్పుకుంటాడు. ఇంకొకటి, కంపెనీ కూడా రికార్డింగ్ ఖర్చు ఒక్కసారే పెట్టింది కదా, ఆ రికార్డింగ్ మీద హక్కు మన దేశంలో విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్ళు ఉంటుంది, పాట సాహిత్యం మీద హక్కయితే రాసినవాళ్ళు బతికున్నంత కాలమూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ ఉంటుంది. ఒకసారి చేసిన పనికి ఇన్నేళ్ళు డబ్బెందుకు అనే ప్రశ్న రాసినాయన్ని అడిగితే, కొనుక్కున్నాయన్ని కూడా అడగాలి. ఆయనకి రావడం న్యాయమైతే ఈయనకీ న్యాయమే. నా మాట ఇదే, అందులో నాకు అనుమానం లేదు.

అయినా ప్రతిచోటా వాటానే అడగమని చెప్పను. మా చిత్తూరు వైపు మామిడి తోటలున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తోట అమ్మెయ్యడం వేరు, ఈ ఏడు కాపు వరకు వ్యాపారస్తుడికి ఇంత అని గుత్తకివ్వడం వేరు, పాలికిచ్చి కాసినదాంట్లో వాటా తీసుకోవడం వేరు. అమ్మితే ఒకేసారి పెద్ద డబ్బు, ఇక గట్టు మీద కూడా కాలు పెట్టలేం. గుత్తకిస్తే డబ్బు ముందే వస్తుంది, కాపు మంచిగా వస్తే లాభం ఆయనకి, వచ్చే ఏడు తోట మళ్ళీ మనదే. పాలు అయితే కాపు రాని ఏడు మనకీ ఏమీ రాదు, లెక్క సరిగ్గా చూపిస్తాడా లేదా అన్న బెంగ ఒకటి. మనం చేసే పనికీ ఈ మూడే దారులు: మొత్తం అమ్మకం, ఇన్నేళ్ళకి ఇంత అని లైసెన్స్, వాటా. బాధేంటంటే మనకి చూపించే కాగితాల్లో చాలావరకు తోట అమ్మకం రాసుంటుంది, రేటు మాత్రం ఒక కాపు రేటు వేస్తారు.

ఇప్పుడు పాట రాసేవాళ్ళకి, సంగీతం చేసేవాళ్ళకి ముఖ్యమైన విషయం. 1977 లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల సినిమా నిర్మాత డబ్బిచ్చి పాట చేయించుకుంటే, ముందే వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతకే పోయేది, రాసినవాళ్ళకి అడగడానికి ఏమీ ఉండేది కాదు. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ లాంటి వాళ్ళు గట్టిగా పోరాడాక 2012 లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. అప్పట్నుంచి పాట రాసినవాళ్ళు, ట్యూన్ కట్టినవాళ్ళు తమ రాయల్టీ హక్కుని, అంటే పాట వాడినప్పుడల్లా వాటా అందుకునే హక్కుని, కంపెనీకి రాసివ్వాలనుకున్నా రాసివ్వలేరు, అది వారసులకి ఇవ్వొచ్చు, లేదా వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి ఇవ్వొచ్చు, అంతే. కంపెనీకి ఎంతో వీళ్ళకీ అంతే, సమాన వాటా. సినిమాతో పాటు థియేటర్లో వినిపించినదానికి రాదు, మిగతా చోట్ల, అంటే రేడియో, టీవీ, హోటల్, స్టేజ్, ఆన్‌లైన్, వాటికి వస్తుంది. సినిమా కాని ప్రైవేట్ పాటలకైతే ఎక్కడ వాడినా వస్తుంది.

అంటే మా తమ్ముడికి ఇచ్చిన కాగితంలో "ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అని రాసినా ఈ రాయల్టీ హక్కు మాత్రం పోదు. వాడికీ తెలీదు, ఇంట్లో ఎవరికీ తెలీదు. కంపెనీ వాళ్ళకి తెలుసు, చెప్పరు. కాబట్టి పాట రాసేవాళ్ళకి 40,000 ఆప్షన్ పైకి కనిపించేంత చెడ్డది కాదు, కింద ఒక నేల ఉంది, కానీ ఆ నేల మీద నిలబడాలంటే ఐపీఆర్‌ఎస్‌లో మెంబర్ అవ్వాలి. అది 1969 నుంచి ఉన్న సొసైటీ, రచయితలు, సంగీత దర్శకులు, మ్యూజిక్ పబ్లిషర్ల తరఫున వసూలు చేసి పంచుతుంది. మెంబర్ అవ్వకపోతే, పాటల లిస్ట్ నమోదు చెయ్యకపోతే, చట్టంలో ఉన్న డబ్బు చట్టంలోనే ఉండిపోతుంది, ఎవరూ వెతుక్కుంటూ మనింటికి రారు. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు కదా, ఇక్కడ అడగడమంటే ఈ ఫారం నింపడమే. ఒక్క జాగ్రత్త, 2012 తర్వాత కుదుర్చుకున్న పనికే ఈ రక్షణని నమ్ముకోండి, మా పెదనాన్న లాంటి పాత సంతకాల మీద ఇది అంత సులువుగా పనిచెయ్యదు.

ఇక లెక్క. రెండో ఆప్షన్ 10,000 ప్లస్ 30 శాతం. మొదటిదాంతో సమానం అవ్వాలంటే ఇంకా 30,000 రావాలి, అంటే పాటలు లక్ష రూపాయలు సంపాదించాలి. ఇది మామూలుగా అందరూ వేసే లెక్క. కానీ కాగితంలో 10,000 ని "రికూపబుల్ అడ్వాన్స్" అన్నారు, అంటే మన వాటా నుంచి ముందు ఆ పది వేలు వాళ్ళు తగ్గించుకుంటారు, అప్పుడు పాటలు దాదాపు 1,33,000 తెస్తే గానీ మనకి 40,000 అవ్వదు. ఇంకో లైన్‌లో 30 శాతం "నెట్ మీద" అనుంది. నెట్ అంటే ఖర్చులన్నీ పోగా, ఏ ఖర్చులో రాయలేదు. వీడియోలకి లక్షన్నర అయిందని చూపిస్తే ముందు ఆ లక్షన్నర వచ్చాకే మన 30 శాతం మొదలవుతుంది, అంటే మొత్తం 2,83,000 దాకా పోవాలి. నేను ఇది కాగితం మీద వేసి చూపిస్తే వాడి మొహం వాడిపోయింది. అందుకే చెప్తున్నా, ఎంత శాతం అన్నదాని కంటే ఎందులో శాతం అన్నది పెద్ద ప్రశ్న, గ్రాస్, అంటే ఖర్చులు తియ్యకముందు వచ్చిన మొత్తం, దాని మీద 15 శాతం చాలాసార్లు నెట్ మీద 40 శాతం కంటే మేలు. యూట్యూబ్, స్ట్రీమింగ్ యాప్‌లలో పాటకి ఇంత అని కట్టిన రేటు ఉండదు, యాడ్ల డబ్బు, చందాల డబ్బు పోగేసి అందులోంచి పంచుతారు, కాబట్టి "పది లక్షల వ్యూస్ వస్తే ఇంత" అని ఎవరైనా నోటితో చెప్తే దాన్ని పట్టుకుని ఆప్షన్ ఎంచుకోకండి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టవుతుంది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి? నా ఉద్దేశంలో ముందు ఒక్కటి అడగండి, ఈ పని అవతలివాళ్ళు సొంతానికి వాడుకుంటారా, లేక జనానికి అమ్ముతారా. పెళ్ళి వీడియో, కొట్టు బోర్డు, కంపెనీ లోపల ట్రైనింగ్ వాయిస్, అపార్ట్‌మెంట్ గోడ మీద బొమ్మ, వీటికి ఒకేసారి డబ్బు తీసుకోవడమే సుఖం, ఇద్దరికీ తలనొప్పి ఉండదు, రేటు మాత్రం గట్టిగా అడగండి. లోగో కూడా అంతే, అది వాళ్ళ ముఖం, దాన్ని ఐదేళ్ళకోసారి మళ్ళీ అడగడం బాగోదు, మొత్తం అమ్మెయ్యండి, కానీ అమ్మకం రేటుకి. అదే పని కాపీలు కాపీలుగా అమ్ముడుపోయేదయితే, పాట, పుస్తకం, క్యాలెండర్, టీషర్ట్ బొమ్మ, ఆడియో కథ, అప్పుడు వాటా గానీ కాలపరిమితి గానీ లేకుండా సంతకం వద్దు.

దీని మీద ఇంకో మాట ఉంది, ఇంటి పరిస్థితి. అద్దె కట్టాల్సిన వారంలో ఎవరైనా 40,000 చూపిస్తే వాటా గురించి నీతులు చెప్పే హక్కు నాకు లేదు, నేనూ అలాంటి వారాలు చూశాను. అప్పుడు కూడా ఒకటి చెయ్యొచ్చు, డబ్బు మొత్తం తీసుకోండి, ఏళ్ళు మాత్రం అడగండి. "40,000 కి ఏడేళ్ళు" అనడం "40,000 కి ఎప్పటికీ" అనడం కంటే వాళ్ళకి ఇవాళ ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఖర్చు కాదు, అందుకే ఇది డబ్బు కంటే సులువుగా ఒప్పుకుంటారు, నా అనుభవంలో చాలామంది దీన్ని అడగనే అడగరు.

పాడేవాళ్ళ సంగతి కొంచెం వేరు. 2012 సవరణలో వాళ్ళకీ రాయల్టీ హక్కు వచ్చింది, ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్ళు, పాటని సినిమాలో పెట్టుకోడానికి ఒప్పుకుని సంతకం పెట్టినా వ్యాపారానికి వాడితే రాయల్టీ అడగొచ్చు. గాయకుల కోసం 2013 లో సొసైటీ కూడా రిజిస్టర్ అయింది. కానీ ట్రాక్ (అసలు గాయకులు పాడేముందు నమూనాగా) పాడేవాళ్ళు, కోరస్ వాళ్ళు పేరు లేకుండా పోయేది ఎక్కువ, కాబట్టి సెషన్ అయ్యాక ఏ పాట, ఏ తేదీ, ఏ స్టూడియో అని ఒక మెయిల్ పెట్టుకోండి. అన్నట్టు 2017 లో ఇళయరాజా గారు తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని బాలు గారికి నోటీస్ పంపినప్పుడు మన తెలుగువాళ్ళలో ఎంత గొడవయిందో గుర్తుంది కదా, ఇద్దరూ మనకి దేవుళ్ళ లాంటి వాళ్ళు కాబట్టి అందరూ స్నేహం కోణంలోనే మాట్లాడారు, కానీ దాని అడుగున ఉన్న ప్రశ్న ఇదే, స్టేజ్ మీద టికెట్ పెట్టి పాడితే ఆ పాట కట్టినవాళ్ళకి ఏమైనా రావాలా అని. రావాలి అని నేను అప్పుడూ అన్నాను, అయితే ఆ డబ్బు కచేరీ పెట్టినవాళ్ళు కట్టాలి, గొంతు ఇచ్చే మనిషి కాదు.

మాలాంటి డబ్బింగ్ వాళ్ళకి, వాయిస్ ఓవర్ వాళ్ళకి కింద అంత గట్టి నేల లేదు. కాల్‌షీట్‌కి, అంటే ఒక పూట పనికి, ఇంత అని తీసుకుంటాం, ఆ సీరియల్ పదేళ్ళు రిపీట్ అయినా మళ్ళీ ఏమీ రాదు. అమెరికాలో నటులు, రచయితలు 1960 లో సమ్మె చేసి సినిమాలు టీవీలో మళ్ళీ వేసినప్పుడల్లా వచ్చే రెసిడ్యువల్స్ సాధించుకున్నారు, అప్పుడు నటుల సంఘానికి ప్రెసిడెంట్ రొనాల్డ్ రీగన్, తర్వాత దేశాధ్యక్షుడయ్యాడే ఆయనే. 2023 లో నటులు మళ్ళీ 118 రోజులు సమ్మె చేశారు, అందులో ఏఐ పెద్ద అంశం. మనకి ఇక్కడ అంత బలం లేదు కాబట్టి కాగితమే బలం. ప్రకటనలకి గొంతు ఇస్తే "ఒక సంవత్సరం, టీవీ మరియు డిజిటల్, తెలుగు మాత్రమే" అని రాయించండి, ఏడాది తర్వాత కూడా నడపాలంటే మళ్ళీ డబ్బు. ప్రకటనల వాళ్ళకి ఇది అలవాటే, అడిగితే వింతగా చూడరు.

ఏఐ గురించి మాత్రం బతిమాలి చెప్తున్నా. ఈ మధ్య నాకొచ్చిన ఒక అగ్రిమెంట్‌లో "ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని టెక్నాలజీల్లో" అని ఒక లైన్ ఉంది, రెండు గంటల పనికి మామూలు రేటే. ఆ లైన్‌కి ఒప్పుకుంటే నా గొంతుని మెషీన్‌కి నేర్పించి ఇక నన్ను పిలవాల్సిన అవసరమే లేకుండా చేసుకోవచ్చు. ఒకసారి చేసిన పనికి మళ్ళీ డబ్బెందుకు అనేవాళ్ళు ఇక్కడ ఏం చెప్తారో నాకు నిజంగా వినాలనుంది, ఎందుకంటే ఇక్కడ పని ఒకసారి చెయ్యడం కాదు, నేను చెయ్యని పని కూడా నా గొంతుతో జరుగుతుంది. 2024 లోనే రెండూ చూశాం. ఏఆర్ రెహమాన్ గారు చనిపోయిన ఇద్దరు తమిళ గాయకుల గొంతుల్ని ఏఐతో ఒక పాటలో వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. అదే టైంలో బాలు గారి గొంతుని ఒక తెలుగు సినిమాలో అడక్కుండా వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీస్ పంపింది. "నా గొంతుని ఏఐ ట్రైనింగ్‌కి గానీ క్లోనింగ్‌కి గానీ వాడకూడదు, వాడాలంటే విడిగా రాతపూర్వక అనుమతి, విడిగా పారితోషికం" అని ఒక్క వాక్యం చేర్చమనండి. నేను చేర్చమన్నాను, మూడు రోజులు ఆలోచించి చేర్చారు.

బొమ్మలు, ఫోటోల వాళ్ళకి చట్టంలో ఒక గుంట ఉంది, చూసి నడవండి. డబ్బిచ్చి ఎవరైనా ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే దాని మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చిన మనిషే. ఉద్యోగంలో ఉండి చేసిన పనికి మామూలుగా యజమానే. కాబట్టి పాటల వాళ్ళ లాగా తర్వాత చూసుకుందాం అంటే కుదరదు, పని మొదలుపెట్టక ముందే "కాపీరైట్ నాదే, మీకు ఫలానా పుస్తకానికి ఇన్ని కాపీల వరకు వాడుకునే లైసెన్స్ ఇస్తున్నా" అని రాసుకోవాలి. పిల్లల పుస్తకానికి బొమ్మలేస్తున్నారనుకోండి, ధర 200, వాటా 5 శాతం, కాపీకి 10 రూపాయలు. తెలుగులో మొదటి ప్రింట్ 500 లేక 1,000 కాపీలంటే వాటా కింద వచ్చేది 5,000 లేక 10,000, అదీ మొత్తం అమ్ముడుపోతే. అదే ఒకేసారి 25,000 ఇస్తామంటే తీసుకోండి, "రెండో ప్రింట్ నుంచి కాపీకి ఇంత, వేరే భాషలోకి వెళ్తే విడిగా" అని మాత్రం కలపండి. నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి ఇదే, కడుపు నింపే డబ్బు ముందు, నడిస్తే వాటా తర్వాత.

పెయింటింగ్ అమ్మేవాళ్ళకి ఒక్క ముక్క. బొమ్మ చేతులు మారి మళ్ళీ అమ్ముడుపోతే వేసినవాళ్ళకి వాటా ఇచ్చే పద్ధతి ఫ్రాన్స్‌లో 1920 నుంచి ఉంది, మన చట్టంలో కూడా పది వేలు దాటిన రీసేల్‌కి పది శాతం మించకుండా అని ఉంది, కానీ చేతికి రావడం కష్టం, దాన్ని నమ్ముకుని ఇవాళ రేటు తగ్గించొద్దు.

కాగితంలో వెతకాల్సిన మాటలు కొన్ని: పర్పెచ్యువల్ (ఎప్పటికీ), వరల్డ్‌వైడ్ (ప్రపంచమంతా), ఆల్ మీడియా (అన్ని మాధ్యమాల్లో), వర్క్ ఫర్ హైర్ (కూలికి చేసిన పని, హక్కు డబ్బిచ్చినవాళ్ళదే). ఇవి కనిపిస్తే అమ్మకం రేటు అడగండి లేదా కొట్టేయించండి. హక్కులు రాసివ్వడం రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది, ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది, అంటే కాగితం మౌనంగా ఉంటే అది మనకి మంచిదే, తొందరపడి మనమే నింపి ఇవ్వకూడదు. వాటా తీసుకుంటే లెక్కలు ఎన్ని నెలలకోసారి పంపుతారు, చూసే హక్కు మనకుందా అన్నది ఉండాలి, అది లేని వాటా కంటే చిన్నదైనా ఒకేసారి డబ్బే నయం. పేరు వెయ్యడం గురించి కూడా రాయించండి, హక్కులన్నీ అమ్మేసినా ఇది నేను చేసిందని చెప్పుకునే హక్కు చట్టంలో రచయిత దగ్గరే ఉంటుంది.

మా తమ్ముడు చివరికి రెండూ కాదన్నాడు. 20,000 తిరిగి తగ్గించుకోని డబ్బు, గ్రాస్ మీద 25 శాతం, ఏడేళ్ళు అని మెయిల్ పెట్టాడు, పంపేటప్పుడు చేతులు వణికాయి అన్నాడు, పాటలు వద్దంటారేమో అని. వాళ్ళు 15,000, గ్రాస్ మీద 20 శాతం, పదేళ్ళు అన్నారు, ఆరు నెలలకోసారి లెక్క. అంటే 1,25,000 దగ్గర 40,000 తో సమానం, పదేళ్ళ తర్వాత పాటలు మళ్ళీ వాడివి. సంతకం పెట్టేముందు ఐపీఆర్‌ఎస్ ఫారం నింపించాను.

వచ్చే ఆదివారం వాడూ నేనూ పుత్తూరు వెళ్తున్నాం. పెదనాన్న దగ్గర పాత నోట్‌బుక్‌లు రెండున్నాయి, పాటలు రాసిన తేదీలతో సహా. ఎనిమిది పాటల పల్లవులు, ఏ క్యాసెట్‌లో వచ్చాయో, ఇప్పుడు ఏ ఛానెళ్ళలో ఉన్నాయో అన్నీ ఒక లిస్ట్ రాసి, ఆయన పేరు మీద కూడా ఫారం నింపాలి. ఫోన్‌లో చెప్తే "ఇప్పుడెందుకమ్మా" అన్నారు, కాసేపాగి పెట్టె తాళం చెవి ఎక్కడ పెట్టావే అని పెద్దమ్మని అడగడం వినబడింది.